తుపాకి మీద అరచెయ్యి

మా పక్కింటి మావ పోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున నేను విజయనగరం బస్సు కాంప్లెక్సు బయట నిలబడి కరపత్రాలు పంచుతున్నాను. తీసుకున్నవాళ్ళు వాటితోనే విసురుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. అప్పుడు అత్త ఫోను చేసింది.

"ఒరే, మీ మావ లెగడం లేదురా. టీ ఎట్టి పిలిసి పిలిసి నోరు పోతన్నాది. నువ్వొకపాలి రా."

చేతిలో మిగిలిన కరపత్రాలు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఆటో నెల్లిమర్లలో మా సందు మొదట ఆగేసరికి ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు పేరుకుని ఉన్నాయి. అన్ని చెప్పులు చూశాక ఇక లోపలికి వెళ్ళి తెలుసుకోవలసింది ఏమీ లేదు.

రక్తసంబంధం కాదు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే, అంతే. ఆయన పుట్టింది భావనపాడులో, సముద్రం మీద బతికే ఇంట్లో. వల పట్టనని మొండికేసి మిలిటరీకి పోయాడు. రిటైరయ్యాక అత్త పుట్టిన ఊరని నెల్లిమర్లలో ఇల్లు కట్టుకున్నాడు. పిల్లల్లేరు. విజయనగరంలో కోట పక్క సందులో ఒక గేముల కొట్టు పెట్టుకుని, రోజూ స్కూటరు మీద వెళ్ళి వచ్చేవాడు. మొదట్లో సినిమా సీడీలు అద్దెకిచ్చేవాడు. తరవాత రెండు టీవీలు, వాటి కింద గేము పెట్టెలు, గోడ పొడుగునా డిస్కుల డబ్బాలు వచ్చాయి. ఇప్పుడు గేములన్నీ నెట్లోనే దిగిపోతున్నాయి, డబ్బాలతో పని లేదు. అయినా ఆ ఖాళీ డబ్బాలను బొమ్మ బయటికి కనపడేలా అలాగే ఉంచాడు. ఆ సందులో ఆడుకునే కుర్రాళ్ళకి ఆయన మిలిటరీ మావ. నాకు ఉత్త మావ.

డిగ్రీ మధ్యలో వదిలేసిన ఏడాది నాకొక కరపత్రం దొరికింది. యుద్ధం ఒక వ్యాపారమనీ, ఆ వ్యాపారానికి ముందు పిల్లల చేతికి బొమ్మలిస్తారనీ అందులో ఉంది. ఒకే ఒక్క కరపత్రం చదివినవాడికి వచ్చే కోపం మరెవరికీ రాదు. నేరుగా మావ కొట్టుకి పోయాను. కుర్రాళ్ళు టీవీలకి అతుక్కుపోయి ఉన్నారు. గోడనిండా సైనికులు, పొగ, తుపాకులు. అందరూ వినేలా అన్నాను, "ఈ కొట్టు మూసెయ్యాలి మావా. ఇది పిల్లలకి సావు అమ్మే కొట్టు."

ఆయన మాజీ సైనికుడు. చెంప పగులుతుందనే అనుకున్నాను. పగిలితే బావుండుననీ అనుకున్నాను, ఆ వయసులో అదొక గౌరవం.

"మూసేద్దాంలే," అన్నాడు మావ. "ముందల ఆ ఫేనెయ్యి, సెమట్లు కక్కుతన్నావు. కూకో."

కూర్చున్నాను. గోడ మీంచి ఒక డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఏటి కనపడతన్నాది?"

"దోపిడీ."

"అది నీ బుర్రలో ఉన్నాది. అట్ట మీద ఏటున్నాది?"

"తుపాకి."

"అదీ. ముందల సూడు. తిట్టడానికి సాయంత్రందాకా టయిమున్నాది."

అని, తన అరచెయ్యి ఆ బొమ్మలో తుపాకి మీద కప్పాడు. "ఇప్పుడు సెప్పు."

హెల్మెట్టు పెట్టుకున్న మనిషి ఒకడు. భుజాలు కొంచెం వాలి ఉన్నాయి. మొహం పక్కకి తిప్పి ఎటో చూస్తున్నాడు. వెనక నారింజరంగు ఆకాశం. తుపాకి ఉన్నంతసేపూ వాడు ప్రపంచాన్ని కాపాడబోతున్నవాడు. తుపాకి కనపడకపోయేసరికి వాడు ఎవరు? నాకు నవ్వొచ్చింది. "నెల్లిమర్ల ఆటో కోసం నిలబడ్డోడిలా ఉన్నాడు మావా," అన్నాను.

వెనకాల కుర్రాళ్ళు ఆట ఆపి మరీ నవ్వారు. మావ మాత్రం నవ్వలేదు. ఆ డబ్బా తన మొహం దగ్గర పెట్టుకుని, "పాపం, ఎంతసేపట్నించి నిలబడ్డాడో," అన్నాడు.

అలా మొదలైంది. ఆదివారం పొద్దున చర్చీ వదిలేదాకా ఆ సందులోకి కుర్రాళ్ళెవరూ రారు. ఆ కాసేపూ కొట్టు మా ఇద్దరిదే. అత్త ప్లాస్కులో పోసి ఇచ్చిన టీ, రెండు స్టీలు గ్లాసులు, మా మధ్య బల్ల మీద ఆ వారం డబ్బా. నాకు సంతలో పాత పుస్తకాల కుప్పలో సంకేతాల గురించి ఒక చిన్న పుస్తకం దొరికింది. కంటికి కనిపించే గుర్తు ఒకటి, అది మనసులో రేపే అర్థం ఒకటి, ఆ రెండింటినీ ఎవరో కలిపి కుట్టి కుట్టు కనపడకుండా మడిచేశారు అని అందులో నాకు అర్థమైన సారం. మావకి చదివి వినిపించాను. "అయితే కుట్టిప్పడం మన డూటీ అనమాట," అని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మీకు ఆ విప్పిన కుట్లు కొన్ని చూపిస్తాను. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే పక్కన పెట్టుకుని చదవండి.

అట్ట మీద సైనికుడి మొహం ఎప్పుడూ సరిగా కనపడదు. హెల్మెట్టు నీడో, కళ్ళకి అద్దాలో, ముక్కుదాకా గుడ్డో ఉంటుంది. అసలు వాడు వెనక్కి తిరిగే ఉంటాడు కొన్నిటిమీద. నేను దాన్ని పిరికితనం అన్నాను. మావ మా లైనులో ఖాళీగా ఉన్న ఇంటిని గుర్తుచేశాడు. "అది టులెట్టు బోర్డురా. ఆ మొగం కాళీగా ఒగ్గీసారు. కొన్నోడు అందులో దిగిపోతాడు." కొట్లో గోడకి కిరాణా షాపువాళ్ళిచ్చిన కేలండరు ఉంది, అందులో అమ్మవారు. ఆవిడకీ చేతినిండా ఆయుధాలే. కానీ కళ్ళు పెద్దవి చేసి సూటిగా మనకేసే చూస్తోంది. ఆవిడ మొహంలోకి ఎవడూ అద్దెకి దిగలేడు. ఇది నేను కనిపెట్టినది. మావ నా వీపు మీద చరిచాడు.

బుగ్గ మీద మసి. ఒళ్ళంతా శుభ్రంగా ఉన్నా బుగ్గ మీద మాత్రం ఒక మసి మరక ఉంటుంది. "దిష్టిసుక్క ఎట్టారు," అన్నాడు మావ. పసిపిల్లవాడికి పెట్టినట్టు. వాడి అందం మీద కన్ను పడకుండా కాదు, పడాలని.

గేము పేరు రాసిన అక్షరాలు రేకు కోసి రంగు కొట్టినట్టు విరిగి విరిగి ఉంటాయి. యుద్ధంలో చెక్కపెట్టెల మీద అలా ఉంటాయి కాబట్టి అవి చూడగానే యుద్ధం గుర్తుకు రావాలి. మావకి గుర్తుకొచ్చేది ఉల్లిపాయలు. బస్తాల మీద అవే అక్షరాలట.

ఒక అట్ట మీద మాత్రం మేం కొట్టుకున్నంత పని చేశాం. నారింజరంగు ఆకాశంలో ఒక హెలికాప్టరు. కాపాడడానికి వస్తోందని మావ. ఒగ్గేసి పోతోందని నేను. "వస్తన్నాదిరా, ముక్కు ఇటున్నాది కదేటి." "ముక్కు సంగతి ఒగ్గీ మావా, ఆ ఎరుపేటి? అది పొద్దుగూకడం కాదు. ఏదో తగలబడతన్నాది. ఎవుల ఇల్లది?" అని అరిచాను. అట్టంతా వెతికితే ఒక్క ఇల్లు లేదు. మంట వెలుగు ఉంది, ఇల్లు లేదు. మావ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ వారం మళ్ళీ నాతో మాట్లాడలేదు. తరవాతి ఆదివారం నేను వెళ్ళేసరికి అదే డబ్బా బల్ల మీద ఉంది. "వస్తానే ఉన్నాది గాని," అన్నాడు, "ఆలీసంగా వస్తన్నాది."

ఆయన యుద్ధం చూశాడా అని మీరు అడుగుతారు. కుర్రాళ్ళూ అడిగేవారు. "ఎంతమందిని ఏసీసావు మావా?" అంటే, "ఉల్లిపాయలురా. లెక్కెట్టలేం," అనేవాడు. సర్వీసంతా ఆయన కొండదారుల్లో లారీ నడిపాడు. పైనున్న వాళ్ళకి ఉల్లిపాయలు, కిరసనాయిలు, కంబళ్ళు, ఉత్తరాలు మోశాడు. తుపాకి ఇచ్చారు, సీటు వెనకాల ఉండేదట. అందుకే ఏ అట్ట తీసినా ఆఖరున ఆయన ప్రశ్న ఒకటే.

"అంతా బానే ఉన్నాది. లారీ ఏదిరా?"

నిజమే. ఒక్క అట్ట మీదా లారీ లేదు. వంటవాడు లేడు. నీళ్ళ కేను లేదు. రెండో మనిషే లేడు. సైన్యమంటేనే గుంపు కదా, అట్ట మీదకి వచ్చేసరికి మిగతా అందరూ ఎక్కడికి పోయారు? "వల్లో పడిందాన్ని అందరూ సూస్తారు," అనేవాడు మావ. "కన్నాల్లోంచి పోయిందేటో సూడు." సముద్రం వద్దని పారిపోయిన మనిషికి సముద్రం నేర్పిన మాట అది.

ఇన్ని చెప్పినా ఆయనకి ఆ గేములంటే ఇష్టమే. చేతికి రిమోటు ఇస్తే మొదట్లోనే చచ్చిపోయేవాడు. అందరూ శత్రువుని వెతుకుతుంటే ఈయన దారి వెతికేవాడు. "మావా, ఎనకాల! ఎనకాల ఎనిమీ!" అని కుర్రాళ్ళు గోల పెడితే, "ఉండనీరా, ఆడికీ డూటీయే కదా," అనేవాడు. ఢాం. అందరూ నవ్వేవారు. నాకు చిరాకు. ఇంత తెలిసినవాడు ఆ ఆట ఎలా ఆడతాడని ఒకసారి నిలదీశాను. "ఒరే, తిండి బాగోలేదని తెలిసినోడు తిండి మానేస్తాడేటి? ఉప్పేసుకుంటాడు," అన్నాడు. నాకు ఆ జవాబు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఎదురు చెప్పడానికి మాత్రం మనిషి లేడు.

పోయాక ఏం జరిగిందో చెప్పాలి.

భావనపాడు నుంచి వాళ్ళ అన్న కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. పెద్దకర్మకి ఫ్లెక్సు కట్టాలని కొట్టు దగ్గరి కుర్రాళ్ళు అనుకున్నారు. మన దగ్గర మనిషి పోతే ఆ వీధి మొగలో ఫ్లెక్సు లేవకపోతే పోయినట్టే ఉండదు కదా. అత్త మావ పాస్‌పోర్టు ఫొటో ఒకటి నా చేతికిచ్చి ఫ్లెక్సు షాపులో ఇచ్చి రమ్మంది. అక్కడ డిజైను చేసేవాడు స్కూలు ఎగ్గొట్టి మావ కొట్లో పెరిగినవాడే. నన్ను చూడగానే మానిటరు నాకేసి తిప్పాడు. ఫొటో వాడి దగ్గర ముందే ఉంది.

"ఎలగున్నాది అన్నా? మావ అదిరిపోనాడు కదా!"

మా మొదటి అట్ట అది. అరచెయ్యి పెట్టి చూసిన ఆ అట్టే. అదే నారింజ ఆకాశం, అవే వాలిన భుజాలు, అదే తుపాకి. హెల్మెట్టు కింద ఖాళీగా ఉన్న చోట మావ మొహం. ఆ టులెట్టు బోర్డు ఇంట్లోకి ఎవరు దిగుతారని నవ్వుకున్నామో, ఆ ఇంట్లోకి మావనే దింపేశారు. మొహం మీద స్టూడియో వెలుతురు, ఒంటి మీద తగలబడుతున్న ఊరి వెలుతురు. బుగ్గ మీద దిష్టిచుక్క కూడా మరిచిపోలేదు. పైన విరిగిన అక్షరాలతో "మా మిలిటరీ మావకు కన్నీటి వీడ్కోలు". కింద వరుసగా గుండ్రటి బొమ్మల్లో కుర్రాళ్ళ మొహాలు. మధ్యలో నాది. నన్ను అడగనేలేదు.

"మావ తుపాకి పట్టుకోవడం నువ్వెప్పుడైనా సూసావా?" అన్నాను.

"మిలిటరీ కదన్నా."

"లారీ డ్రైవరు! సచ్చేదాకా అదే సెప్పాడు కదరా మీకు!"

"లారీ ఎడితే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బోర్డులాగుంటాది అన్నా. ఆళ్ళూ ఈళ్ళూ సూసి డ్రైవరా అనెల్లిపోతారు. మావని అలగెలగ ఒగ్గేస్తాం?"

"నా మొగం తీసీ అందులోంచి."

"తీస్తే మద్దిలో కన్నం పడిపోద్ది. ఆదివారం ఆదివారం మావ దగ్గర కూకున్నోడివి నువ్వే కదా. నువ్వు లేకపోతే ఇంకెవుల్ని ఎడతాను?"

వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దుటి నుంచీ వేరే పని ముట్టకుండా దీనిమీదే ఉన్నాడట. నేను బల్ల మీద గుద్దాను. మనిషిని పోగొట్టుకున్నది చాలదన్నట్టు, ఆయన బతికున్నన్నాళ్ళూ విప్పిన కుట్టులోనే ఆయన్ని కుట్టేస్తున్నారు. అత్త వద్దంటే మానేస్తావా అని అడిగాను. మానేస్తానన్నాడు. ఆ బొమ్మని ఫోనులో ఎక్కించుకుని నెల్లిమర్ల వచ్చాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

అత్త వెనక వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఫోను చేతికిచ్చి, కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. అట్ట, అద్దె మొహం, లారీ, అబద్ధం. అత్త కళ్ళజోడు పెట్టుకుని చూస్తూనే ఉంది.

"ఈ ఛాతీ ఎవుల్దిరా? మీ మావది కాదు."

"గేములోదత్తా."

వేలు పెట్టేసరికి బొమ్మ పెద్దదైపోయి పక్కకి జారింది. "నిలబడి సావదేటిరా ఇది," అని ఫోను ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో ఒళ్ళంతా కప్పేసి మొహం ఒక్కటే ఉంచింది. ఆ పని మావ దగ్గర ఎప్పుడు చూసిందో నాకు తెలియదు. ఆదివారాలు ఆవిడ కొట్టుకి వచ్చిన గుర్తు లేదు.

"వద్దని సెప్పత్తా. నువ్వొక్క మాటంటే ఆడు తీసేస్తాడు."

"ఆడు ఏడిసాడా, ఆ ఫ్లెక్సోడు?"

"...ఏడిసినట్టే ఉన్నాడు."

"అయితే కట్టనీ."

"అత్తా, అది మావ కాదు!"

"కాదని నాకు తెల్దేటిరా?" అంది. గొంతు పెంచలేదు. "లారీ ఏదీ, లారీ ఏదీ అని మీ మావ గోల. ఆ లారీ కొండలెక్కినన్నాళ్ళూ నాను ఈ ఊర్లో మా అమ్మోళ్ళ వసారాలోనే ఉన్నాను. ఏ అట్ట మీదైనా నన్నెతికాడేటి? నువ్వెతికావా? వారం వారం మీ ఇద్దరికీ ప్లాస్కులో టీ పోసి పంపినదెవులో, మీ సదువుల్లో ఎక్కడైనా ఉన్నాదేటి?"

మావ ఉంటే కళ్ళజోడు తుడుచుకునేవాడు.

"నిన్ను అనడం లేదురా," అని ఫోను నా చేతిలో పెట్టింది. "ఏ బొమ్మలోనూ అందరూ పట్టరు. ఆళ్ళ మావ ఆళ్ళకి. నీ మావ నీకు. నా మనిసి ఎలగూ ఏ అట్ట మీదా లేడు. కట్టనీ." చాప మీంచి లేస్తూ, "ఆ ప్లాస్కు కొట్లో ఉండిపోనాది. ఒకపాలెల్లి అట్టుకొచ్చీ," అంది.

పెద్దకర్మ రోజు పొద్దున తాళాలు తీసుకుని వెళ్ళాను. షట్టరు ఎత్తాను. టీవీలు నల్లగా ఉన్నాయి. గోడనిండా ఆ మొహంలేని వాళ్ళందరూ ఎవరి పొగలో వాళ్ళు నిలబడి ఉన్నారు. అంతమందిలో ఒక్కడూ ఇంకొకడికేసి చూడడం లేదని అప్పుడే గమనించాను. చెబుదామని పక్కకి తిరిగాను. బల్ల మీద మా ఆఖరి ఆదివారం ప్లాస్కు ఒక్కటే ఉంది. తీసుకుని, షట్టరు దించేశాను.

కొట్టు సందు మొగలో ఫ్లెక్సు లేచింది. కరెంటు స్తంభానికీ టీ బడ్డీకీ మధ్య, రెండు వెదురు కర్రల మీద, గాలికి ఉబ్బుతూ. ఎండ వెనకనించి పడి ఆ నారింజరంగు నిజంగానే మండుతోంది. అటుగా పోయేవాళ్ళు ఒక క్షణం ఆగి, తల పైకెత్తి, "మిలిటరీ మనిసంట," అనుకుని పోతున్నారు. వాళ్ళ చూపులో గౌరవం ఉంది. అది ఆయనకి అందుతోందో, ఆ ఛాతీకి అందుతోందో నాకు తేలలేదు.

రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడ్డాను. ప్లాస్కు చంకలో పెట్టుకున్నాను. ఒక కన్ను మూసి, కుడిచెయ్యి ముందుకి చాపి, అరచెయ్యి ఆ తుపాకి మీదకి తెచ్చాను. గాలికి ఫ్లెక్సు కదిలినప్పుడల్లా చెయ్యీ జరుపుతూ సరిగ్గా కప్పాను.

మావ. భుజాలు కొంచెం వాల్చి, రోడ్డుకేసి చూస్తూ, నెల్లిమర్ల ఆటో కోసం నిలబడి ఉన్నాడు.

కీచుమని ఆటో ఒకటి నా ముందే ఆగింది. నా చెయ్యి చూసి ఆగాడు పాపం. లోపల జనం ఇరుక్కుని కూర్చుని ఉన్నారు.

"నెల్లిమర్లేనా? ఒక్కడివేనేటి?" అన్నాడు డ్రైవరు.

అవతలి ఫ్లెక్సుకేసి చూశాను. వాడు హారన్ కొట్టాడు. చెయ్యి దించి ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే మళ్ళీ తుపాకి ఉంది, కాసేపటికి తుపాకీ లేదు, మొహమూ లేదు, మేడల మధ్య నారింజరంగు గుడ్డముక్క ఒకటి ఊగుతోంది. ఒళ్ళో ప్లాస్కులో మావ తాగకుండా వదిలేసిన ఆఖరి టీ మలుపు మలుపుకీ కదులుతూ వచ్చింది.